ఎర్రచందనం జన్యు వైవిధ్యానికి మార్కర్లు: ప్రైమర్ కంటే ముందు చెట్టు

మీరు అడిగినదాన్ని మొదట ఒకచోట కూర్చుతాను. మీరు పరిశోధనలో మొదటి సంవత్సరంలో ఉన్నారు. అంశం ఎర్రచందనంలో జన్యు వైవిధ్యం. దాన్ని కొలిచేవి మార్కర్లు, అంటే చెట్టుకూ చెట్టుకూ తేడా చూపే డీఎన్‌ఏ గుర్తులు. ఆ భాగాలను పీసీఆర్‌లో (డీఎన్‌ఏ ముక్కకు లక్షల నకళ్ళు తీసే పద్ధతిలో) పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు ప్రైమర్లు. ప్రయోగశాలలో పాత ఆర్‌ఏపీడీ (యాదృచ్ఛిక క్రమాలతో చేసే పద్ధతి) ప్రైమర్లు ఉన్నందున వాటితోనే పని ముగించమని ఒకరు, ఎస్‌ఎన్‌పీలు (డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడాలు) తప్ప ఇప్పుడు మరేవీ పనికిరావని మరొకరు అంటున్నారు. వేరుశనగ ప్రైమర్లను దీనికి వాడవచ్చా, ఎన్ని చెట్ల ఆకులు తేవాలి, పట్టుబడిన దుంగ ఏ కొండదో ఈ మార్కర్లతో చెప్పగలమా అన్నవి మీ ప్రశ్నలు.

అడవి చెట్ల మీద ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనే చేశాను. నేను చూసిన విఫలమైన సిద్ధాంత గ్రంథాలలో ఎక్కువ భాగం తప్పు మార్కరు ఎంచుకోవడం వల్ల పాడైనవి కావు. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామో తేల్చుకోకుండా ఆకులు కోసుకొచ్చినందువల్ల పాడయ్యాయి. అందుకే మీ మొదటి ప్రశ్నను కాస్త పక్కన పెట్టి చెట్టు దగ్గర మొదలుపెడతాను.

ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, వాటిని ఆనుకున్న కొద్దిపాటి అడవులు దాని ఇల్లు. 1995 నుంచి అది సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం) రెండవ అనుబంధంలో ఉంది. 2021 అంచనాలో ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం) దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. పూలకు పరాగసంపర్కం చేసేవి తేనెటీగలు. కాయ చుట్టూ పలుచటి రెక్క ఉంటుంది, గాలికి కొంత దూరం ఎగురుతుంది. కాయలో సాధారణంగా ఒకటే గింజ. నరికిన మోడు నుంచి పిలకలు బాగా వస్తాయి. ఈ నాలుగు సంగతులూ మీ నమూనా పథకాన్ని శాసిస్తాయి. తేనెటీగ పుప్పొడిని ఎంత దూరం మోస్తుంది, గింజ ఎంత దూరం పడుతుంది అన్నవి కొండకూ కొండకూ మధ్య జన్యు ప్రవాహాన్ని నిర్ణయిస్తాయి. పక్కపక్కన ఉన్న మూడు కాండాలు మూడు చెట్లు కాకపోవచ్చు, ఒకే మోడు పిలకలు కావచ్చు. వాటిని మూడుగా లెక్కిస్తే మీ పట్టిక మొదటి రోజే తప్పుతుంది.

‘వైవిధ్యం’ అన్న ఒక్క మాటలో కనీసం నాలుగు ప్రశ్నలు దాగి ఉన్నాయి. ఒక్కో కొండ మీద ఎంత వైవిధ్యం మిగిలింది? కొండల మధ్య తేడా ఎంత? ఏ చెట్టు పుప్పొడి ఏ చెట్టుకు చేరుతోంది, ఆత్మపరాగసంపర్కం ఎంత? దుంగ ఎక్కడిది? మొదటి మూడింటికి పది పన్నెండు మంచి మైక్రోశాటిలైట్ మార్కర్లు చాలు. రెండు మూడు క్షారాలే (డీఎన్‌ఏ అక్షరాలే) వరుసగా మళ్ళీ మళ్ళీ వచ్చే చోట్లు, అంటే పునరావృతాలు, ఇవి. నాలుగోదానికి దారి వేరు, చివర్లో చెబుతాను.

ఆర్‌ఏపీడీ గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలి: కొత్తగా మొదలుపెట్టేవారు దాన్ని వాడవద్దు. 1990లో వచ్చినప్పుడు అది గొప్ప సౌకర్యం. ఏ జాతి జన్యు క్రమమూ తెలియకుండానే పది క్షారాల యాదృచ్ఛిక ప్రైమర్‌తో, డీఎన్‌ఏ ముక్కలను విడదీసే జెల్ మీద పట్టీలు చూడగలిగాం. అయితే ఆ పట్టీ ఉందా లేదా అన్నదే తెలుస్తుంది. తల్లి నుంచి ఒక రూపం, తండ్రి నుంచి మరో రూపం వచ్చిన విషమయుగ్మజ చెట్టు, రెండూ ఒకే రూపం అయిన చెట్టు జెల్ మీద ఒకేలా కనబడతాయి. అంతఃప్రజననం (దగ్గరి బంధువుల మధ్య సంతానోత్పత్తి) కొలవాలంటే సరిగ్గా ఆ తేడాయే కావాలి. పైగా పీసీఆర్ యంత్రం మారినా, మెగ్నీషియం కొద్దిగా మారినా పట్టీలు మారతాయి. మీ ఫలితాన్ని ఐదేళ్ళ తరువాత మరొకరు తమ ఫలితంతో కలిపి చూడలేరు. ఎర్రచందనం లాంటి జాతి మీద ప్రతి పరిశోధనా ముందు తరానికి అందాలి.

వేరుశనగ ప్రైమర్ల ప్రశ్న నాకు నచ్చింది, ఎందుకంటే చాలామందికి ఈ బంధుత్వం తెలియదు. చిక్కుడు కుటుంబంలో డాల్బర్జియాయిడ్ అనే శాఖ ఉంది. ఎర్రచందనం, దాని దగ్గరి చుట్టమైన వేగిస చెట్టు, వేరుశనగ మూడూ అందులోవే. అనంతపురం చేలోని వేరుశనగ మొక్క ఆ పక్క చేలోని కందికంటే కొండ మీది ఎర్రచందనానికే దగ్గర చుట్టం. అందుకని జన్యువుల లోపలి భాగాల నుంచి తయారైన వేరుశనగ ప్రైమర్లు కొన్ని ఇక్కడా పనిచేస్తాయి. అయితే పనిచేయడం వేరు, వైవిధ్యం చూపడం వేరు. బంధుత్వం దూరమయ్యేకొద్దీ పునరావృతాలు చిన్నవై, చెట్టుకూ చెట్టుకూ తేడా చూపలేకపోతాయి. ప్రైమర్ అతుక్కునే చోట ఒకటి రెండు క్షారాలు మారి ఉంటే కొన్ని అల్లీల్‌లు (ఒకే చోటి డీఎన్‌ఏకు ఉండే వేర్వేరు రూపాలు) అసలు కనబడవు. ఒకప్పుడు వేరే వాటిని అరువు తెచ్చుకోవడం తప్పనిసరి. ఇప్పుడు చెట్టు సొంత డీఎన్‌ఏను తక్కువ లోతులో క్రమనిర్ధారణ చేయించడం ఒక విద్యార్థి నిధులకు కూడా అందుబాటులో ఉంది. సొంత మార్కర్లే తయారు చేయండి. మిగతా చోట్ల తయారైనవాటిలో వేగిస మీద పరీక్షించినవి ఉంటే వాటిని మాత్రం చేర్చుకోవచ్చు.

ఇక ఆకులు. పెన్నకు ఉత్తరాన లంకమల, దక్షిణాన పాలకొండలు ఉన్నాయి. ఈ రెండింటితోపాటు శేషాచలం, వెలిగొండలు తీసుకుంటే నాలుగు జనాభాలు. ఒక్కో కొండ మీద 30 పెద్ద చెట్లు, 30 లేత మొక్కలు. 30 ఎందుకో లెక్కతో చెబుతాను. ఒక్కో చెట్టులో ప్రతి జన్యుస్థానానికి రెండు ప్రతులు, అంటే 30 చెట్లలో 60. జనాభాలో నూటికి 5 వంతులు మాత్రమే ఉన్న అల్లీల్ ఈ 60 ప్రతుల్లో కనీసం ఒక్కసారైనా కనబడే అవకాశం నూటికి 95. అదే 10 చెట్లే తీసుకుంటే ఆ అవకాశం 64కు పడిపోతుంది. అరుదైన అల్లీల్‌లే ముందు పోతాయి కనుక, వాటిని చూడలేని నమూనాతో సంరక్షణ గురించి మాట్లాడలేం.

చెట్టుకూ చెట్టుకూ మధ్య కనీసం 100 మీటర్లు వదలండి. పిలకల సమస్య, ఒకే తల్లి పిల్లల సమస్య రెండూ దీంతో చాలావరకు తగ్గుతాయి. అటవీ శాఖ నాటిన తోటలను, రైతుల గట్ల మీది చెట్లను సహజ జనాభాలో కలపవద్దు. వాటి విత్తనం ఏ కొండ నుంచి వచ్చిందో చాలాసార్లు ఎవరికీ గుర్తుండదు. వేగిసను పొరపాటున తీసుకోకుండా చూసుకోండి. ఎర్రచందనం ఆకుకు సాధారణంగా మూడు పత్రకాలు, వేగిసకు ఐదు నుంచి ఏడు. పెరిగిన చెట్టులో తేడా తేలికే, లేత మొక్కలో కళ్ళు మోసపోతాయి. అనుమానం వస్తే ఆ మొక్కను వదిలేయండి. పోలిక కోసం నాలుగు వేగిస చెట్ల ఆకులు మాత్రం విడిగా తెచ్చుకోండి.

ఆకుల విషయంలో నాకు జరిగిన నష్టం చెప్పక తప్పదు. తొలి ఏళ్ళలో ఒక కొండ మొత్తం నమూనాను పాలిథీన్ సంచుల్లో వేసి, ఎండలో జీపు వెనుక రెండు రోజులు ఉంచాం. ఆకులు నల్లబడ్డాయి. వచ్చిన డీఎన్‌ఏ తేనె రంగులో ఉండి ఏ ఎంజైమునూ పనిచేయనివ్వలేదు. మళ్ళీ లేత చిగుళ్ళ కోసం ఏడాది ఆగవలసి వచ్చింది. కోసిన క్షణంలోనే చిన్న ముక్కలు చేసి, ఆకు బరువుకు పది రెట్ల సిలికా జెల్‌లో వేయండి. మరుసటి రోజు జెల్ రంగు మారిందేమో చూసి, మారితే కొత్తది పోయండి. సంచి మీద ఇంకుతో రాసినది చెరిగిపోతుంది. లోపల పెన్సిలుతో రాసిన కాగితం ముక్క కూడా వేయండి.

ఈ చెట్టులో ఫినాల్ పదార్థాలు ఎక్కువ. డీఎన్‌ఏ తీయడం మామూలు సీటాబ్ (డిటర్జెంటు) పద్ధతిలోనే చేయవచ్చు, కానీ బఫరులో ఫినాల్‌లను పట్టుకునే పీవీపీ 2 శాతం కలపండి. బీటా మెర్కాప్టో ఇథనాల్ వాడేముందే కలపాలి, ముందురోజు కలిపి పెట్టుకుంటే బలం తగ్గుతుంది. జిగట ఎక్కువగా వస్తే సీటాబ్ కంటే ముందు ఆకు పొడిని సార్బిటాల్ బఫరుతో ఒకటి రెండుసార్లు కడగండి. చివరి కొలతలో 260, 280 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ నిష్పత్తి 1.8 దగ్గర ఉందని సంతోషించి ఊరుకోవద్దు, 260కి 230 నిష్పత్తి చూడండి. అది 1.5 కంటే తక్కువైతే పీసీఆర్ మొరాయిస్తుంది. అలాంటప్పుడు డీఎన్‌ఏ ఇంకా ఎక్కువ వేయడం చాలామంది చేసే పొరపాటు. పది రెట్లు పలుచన చేసి చూడండి, అడ్డుపడే పదార్థం కూడా పలుచనై చర్య నడుస్తుంది.

మార్కర్ల తయారీకి ఒక్క చెట్టు మంచి డీఎన్‌ఏ చాలు. జతలుగా 150 క్షారాల చదువులతో కొన్ని గిగాబేస్‌ల (వందల కోట్ల క్షారాల) దత్తాంశం తీసుకోండి. దాన్ని కూర్చి, మీసా లాంటి పనిముట్టుతో పునరావృతాలు వెతికితే వేలల్లో దొరుకుతాయి. ఇక్కడ ఎంపికలో నా అలవాటు ఇది: ఏటీ పునరావృతాలను వదిలేస్తాను, వాటి పీసీఆర్ నమ్మదగదు. ఏజీ పునరావృతాలలో కనీసం ఎనిమిది వరుసలున్నవి, మూడు క్షారాల పునరావృతాలలో కనీసం ఆరు వరుసలున్నవి తీసుకుంటాను. మూడు క్షారాలవి వైవిధ్యం కొంచెం తక్కువ చూపినా చదవడానికి శుభ్రంగా ఉంటాయి. ప్రైమర్ పొడవు 18 నుంచి 24 క్షారాలు, కరిగే ఉష్ణోగ్రత 57 నుంచి 60 డిగ్రీలు, ఉత్పత్తి 100 నుంచి 300 క్షారాలు. ప్రైమర్ క్రమం క్లోరోప్లాస్టు డీఎన్‌ఏకు చెందినదేమో ముందే సరిచూసుకోండి. ఆకులో క్లోరోప్లాస్టు ప్రతులు విపరీతంగా ఉంటాయి కనుక అవి మీ జాబితాలోకి చొరబడతాయి.

మొదట 48 జతలు చాలు. నాలుగు కొండల నుంచి రెండేసి చెట్లు, మొత్తం ఎనిమిది చెట్ల మీద పరీక్షించండి. ఒక్క కొండ చెట్ల మీదనే పరీక్షించి ఎంపిక చేస్తే ఆ కొండకే ఎక్కువ వైవిధ్యం ఉన్నట్టు తప్పుడు ఫలితం వస్తుంది. ఈ పక్షపాతాన్ని తరువాత ఏ గణాంకమూ సరిదిద్దలేదు. ప్రతి ప్రైమర్‌కూ ఫ్లోరసెంట్ రంగు కొనడం ఖరీదు. జతలోని ముందు (ఫార్వర్డ్) ప్రైమర్‌కు ఎం13 అనే చిన్న క్రమాన్ని తోకగా తగిలించి, అదే తోకకు రంగున్న మూడో ప్రైమర్ ఒకటే వాడే పద్ధతి 2000 నుంచి ఉంది, 48 జతలకూ ఆ ఒక్క రంగు ప్రైమరే సరిపోతుంది. వడపోత తరువాత పన్నెండు మార్కర్లు మిగిలితే ముందుకు వెళ్ళండి.

ఈ పన్నెండులో దొంగలు ఉంటారు. వారిని పట్టుకోవడమే అసలు నైపుణ్యం. ఒక ఉదాహరణ చేద్దాం. ఒక మార్కర్‌లో నాలుగు అల్లీల్‌లు 0.4, 0.3, 0.2, 0.1 నిష్పత్తిలో ఉన్నాయనుకోండి. వర్గాల మొత్తం 0.16, 0.09, 0.04, 0.01 కలిపితే 0.30. ఒకటి నుంచి తీసేస్తే 0.70. చెట్లు యాదృచ్ఛికంగా సంపర్కం చెందితే నూటికి 70 చెట్లు విషమయుగ్మజాలై ఉండాలి. మీ జెల్‌లో మాత్రం 42 మాత్రమే కనబడ్డాయి. అంతఃప్రజనన గుణకం 1 నుంచి 0.42 భాగించు 0.70 తీసేస్తే 0.40. ఇది చూడగానే చాలామంది ‘అడవి ధ్వంసమై అంతఃప్రజననం తీవ్రంగా ఉంది’ అని రాసేస్తారు. ఆ వాక్యం పత్రికలకు కూడా ఎక్కుతుంది.

ఆగండి. మిగతా పదకొండు మార్కర్లు ఏం చెబుతున్నాయో చూడండి. అంతఃప్రజననం చెట్టు మొత్తానికి జరిగేది కనుక అన్ని మార్కర్లలోనూ దాదాపు ఒకే స్థాయిలో కనబడాలి. పదకొండు 0.05 దగ్గర ఉండి, ఇది ఒక్కటే 0.40 ఉంటే దోషి ఈ మార్కరే. ప్రైమర్ అతుక్కునే చోట మార్పు వల్ల ఒక అల్లీల్ కనబడకుండా పోయి, విషమయుగ్మజ చెట్టు సమయుగ్మజంగా నటిస్తోంది. దీన్నే శూన్య అల్లీల్ అంటాం. పై అంకెలతో దాని నిష్పత్తి సుమారు 0.28 భాగించు 1.70, అంటే 0.165. ఇంత ఉన్న మార్కరును తీసేయండి, లేదా ప్రైమర్‌ను కొన్ని క్షారాలు జరిపి మళ్ళీ తయారు చేయండి. పూర్తిగా ఖాళీగా వచ్చిన చెట్లు అదే మార్కర్‌లో ఎక్కువగా ఉంటే అనుమానం బలపడుతుంది. మూడో కారణం కూడా ఉంది: మీరు ఒకే జనాభా అనుకున్నది నిజానికి లోయకు అటూ ఇటూ ఉన్న రెండు జనాభాలు కావచ్చు. రెండింటినీ విడదీసి లెక్కిస్తే లోటు తగ్గుతుందేమో చూడండి. తల్లి చెట్టు, దాని కాయల నుంచి మొలిచిన మొక్కలు కొన్ని జతగా చదవగలిగితే ఇంకా గట్టి సాక్ష్యం. తల్లిలో కనబడిన ఏ అల్లీలూ పిల్లలో లేకపోతే అక్కడ శూన్య అల్లీల్ దాగి ఉంది.

కొలతల శుభ్రత కూడా అంతే ముఖ్యం. టాక్ ఎంజైము ఉత్పత్తి చివర ఒక ‘ఏ’ (అడెనిన్) క్షారాన్ని కొన్నిసార్లు చేరుస్తుంది, కొన్నిసార్లు చేర్చదు. దాంతో ఒక క్షారం తేడాతో రెండు శిఖరాలు వస్తాయి. వెనుక (రివర్స్) ప్రైమర్ మొదట్లో చిన్న తోక పెట్టినా, చివరి పొడిగింపు అరగంట ఇచ్చినా ఇది సర్దుకుంటుంది. యంత్రం ఇచ్చిన పరిమాణాలను వెంటనే పూర్ణాంకాలు చేయవద్దు. దశాంశాలతోనే గ్రాఫు గీసి గుంపులు ఎక్కడ పడుతున్నాయో కంటితో చూశాకే పేర్లు పెట్టండి. మీ 240 నమూనాలకు 24 పునఃపరీక్షలు, ప్రతి పలకలో రెండు ప్రామాణిక చెట్లు, ఒక ఖాళీ గది. మొత్తం 273. మూడు 96 గదుల పలకల్లో ఇమిడిపోతాయి. ఆ ప్రామాణిక చెట్ల డీఎన్‌ఏను ఎక్కువగా తీసి దాచండి. రేపు మరో నగరంలో మరో యంత్రం మీద మీ మార్కర్లు వాడేవారు కొలతలు సరిపోల్చుకోవాలంటే అదే దారి.

విశ్లేషణలో మూడు చోట్ల జాగ్రత్త. వైవిధ్యం బాగా ఎక్కువ ఉన్న మార్కర్లలో ఎఫ్‌ఎస్‌టీ (జనాభాల మధ్య తేడా కొలత) విలువ సహజంగానే చిన్నదవుతుంది. జనాభాల లోపలి విషమయుగ్మజత 0.80 ఉంటే అది 0.20 దాటలేదు. కనుక సవరించిన కొలతను కూడా పక్కన ఇవ్వండి. స్ట్రక్చర్ ప్రోగ్రాములో గుంపుల సంఖ్యను ఎంచుకునే ఎవానో పద్ధతి ‘గుంపు ఒక్కటే’ అన్న జవాబును ఎన్నడూ ఇవ్వలేదు. కొండలన్నీ ఒకే జనాభా అయినా అది రెండో మూడో చూపిస్తుంది. దూరం పెరిగేకొద్దీ తేడా నెమ్మదిగా పెరిగే చోట కూడా అది లేని గోడలు కడుతుంది. ముందు దూరానికీ తేడాకూ సంబంధం ఉందేమో పరీక్షించి, ఆ తరువాతే గుంపుల గురించి మాట్లాడండి.

లేత మొక్కలను ఎందుకు అంత పట్టుబట్టి అడిగానో ఇప్పుడు చెబుతాను. పెద్ద చెట్టు జన్యువులు అది మొలిచిన నాటి అడవివి. నరికివేతలు పెరగకముందు పుట్టిన చెట్లనే చదివి ‘వైవిధ్యం బాగానే ఉంది’ అంటే మనం గతాన్ని కొలిచి వర్తమానానికి ధైర్యం చెబుతున్నట్టు. విషమయుగ్మజత చాలా నెమ్మదిగా తగ్గుతుంది. సంతతికి తోడ్పడే చెట్లు 50కి పడిపోయినా ఒక తరంలో పోయేది నూటికి 1 వంతే. అదే 50 చెట్లలో, నూటికి 1 వంతు ఉన్న అరుదైన అల్లీల్ అసలు మిగలకుండా పోయే అవకాశం మూడో వంతు కంటే ఎక్కువ. అందుకే పెద్ద చెట్లకూ లేత మొక్కలకూ అల్లీల్‌ల సంఖ్యను, నమూనా పరిమాణం సమం చేసి పోల్చండి. మీ గ్రంథంలో అటవీ శాఖకు నిజంగా ఉపయోగపడే పట్టిక అదే అవుతుందని నా నమ్మకం.

ఎస్‌ఎన్‌పీల సంగతి. నిధులు, కంప్యూటర్ విశ్లేషణలో సహాయం రెండూ ఉంటే డీడీరాడ్ పద్ధతి (ఎంజైములతో కోసిన డీఎన్‌ఏ ముక్కలను మాత్రమే చదివేది) మంచిదే. వేల స్థానాలు ఒకేసారి దొరుకుతాయి. అక్కడ కూడా శూన్య అల్లీల్ ఉంది, ఎంజైము కోసే చోటే మార్పు ఉంటే ఆ ప్రతి కనబడదు. దత్తాంశం పెద్దదైనంత మాత్రాన ఆకుల నమూనాలోని లోపం మాయం కాదు. సహాయం లేకుండా ఒక్కరే దిగితే రెండేళ్ళు వడపోత అంకెలతోనే గడిచిపోతాయి.

దుంగ ప్రశ్నకు మాత్రం ఎస్‌ఎన్‌పీలే సరి. చేవలో డీఎన్‌ఏ ముక్కలు ముక్కలై ఉంటుంది, 300 క్షారాల మైక్రోశాటిలైట్ దాని నుంచి రావడం కష్టం. 100 క్షారాల లోపు ఉత్పత్తితో చదవగల ఎస్‌ఎన్‌పీలను ఎంచి చిన్న సమూహంగా చేయాలి. చెక్క తీసేటప్పుడు చేవ కంటే బెరడు కింది పొర, తెల్లచెక్క మిగిలి ఉంటే అవి మేలు. దుంగ ఎర్రచందనమా, వేగిసా అన్నది తేల్చడం బార్‌కోడ్ జన్యువులతో (జాతిని గుర్తుపట్టే ప్రామాణిక డీఎన్‌ఏ భాగాలతో) సాధ్యం. ఏ కొండది అన్నది ఆ కొండల మధ్య నిజమైన తేడా ఉంటేనే సాధ్యం. తేనెటీగలు రెండు కొండలను కలిపి ఉంచితే ఎన్ని వేల మార్కర్లు పెట్టినా లేని తేడాను చూపలేం. అందుకే ఈ హామీని మీ పథకంలో ఇప్పుడే ఇవ్వవద్దు. నాలుగు కొండల ఫలితం వచ్చాక రాయండి.

అడవిలోకి వెళ్ళే ముందు అటవీ శాఖ రాతపూర్వక అనుమతి, జీవవైవిధ్య చట్టం కింద అవసరమైన పత్రాలు చేతిలో ఉండాలి. ఎర్రచందనం బీట్‌లలో అనుమతి లేకుండా ఆకు కోసినా ఇబ్బందే, ప్రాణానికి కూడా ప్రమాదం. బీట్ అధికారిని వెంట తీసుకువెళ్ళండి. మరొక్క మాట. మీరు ప్రతి చెట్టుకూ జీపీఎస్ అంకెలు రాసుకుంటారు, విశ్లేషణకు అవి కావాలి. ప్రచురించే అనుబంధ పట్టికలో మాత్రం వాటిని యథాతథంగా పెట్టవద్దు. మిగిలిన పెద్ద చెట్లు ఎక్కడున్నాయో చెప్పే పటం అది. కొండ పేరు, సుమారు ఎత్తు ఇచ్చి, ఖచ్చితమైన స్థానాలను అటవీ శాఖకు, మీ ప్రయోగశాల తాళం వేసిన ఫైలుకు మాత్రమే అప్పగించండి.